నిడువింటికి తగిన నారి

మన పాఠశాల విలువిద్యా సంఘమునందు రెండు నిడువిండ్లు గలవు. రెండును ఇంగ్లండు దేశపు తీరున చేయబడినవే. ఇంచుమించు మనిషి యెత్తు గలవి. దూరమునుండి చూచువారికి రెండును ఒక్కతీరుననే కనబడును. కాని దగ్గరకు వచ్చి చూచిన భేదము తెలియును. ఒకటి పలుచని కొయ్యబద్దలకు ముందువెనుకల గాజునార పొరల నతికి చేసినది. దాని కొప్పులు గట్టి పదార్థముతో బలపరచబడినవి. కొప్పనగా నారి యుచ్చు తగులుకొను వింటికొన. రెండవ విల్లు ఆష్ అను సీమచెట్టు కొయ్యనుండి, వేరేమియు నతుకక, నిలువున చెక్కబడినది. దాని కొప్పులకు కొమ్ముతొడుగులు లేవు. నారి పట్టుకొను గాడులు కొయ్యలోనే కోయబడినవి. మొదటిదాని నారి సన్నము, రెండవదాని నారి లావు.

గత సంవత్సరము పై తరగతి విద్యార్థులు నలుగురు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, ఆష్ వింటికిని ఆ సన్నని నారినే కట్టింపుడు. బాణము మరింత వడిగా పోవును. క్రొత్త నారి వెల మా యిండ్లనుండి తెచ్చి యిచ్చెదము" అని కోరిరి. నేను వలదంటిని. వారు మారుమాటాడక వెడలిరి గాని, నా మాట రుచింపలేదని వారి మొగములే చెప్పినవి. కొన్నాళ్లకు వారిలో నొకని తండ్రిగారు వీథిలో నన్ను కలిసికొని, "సొమ్ము మేమిచ్చుచుండగా తమకు వచ్చిన యిబ్బంది యేమి, మాస్టరుగారూ?" అని నవ్వుచు నడిగిరి. నడివీథిలో నిలువబడి చెప్పదగిన జవాబు కాదది. కావున ఇచ్చట చెప్పుచున్నాను.

నా యభిప్రాయ మొక్క మాటలోనిదే. నారి నెన్నుకొనువాడు మొదట అంగడిని గాక వింటిని అడుగవలెను. "ఈ నారి యెంత వడి నిచ్చును?" అనునది రెండవ ప్రశ్న. "ఈ విల్లు దేని నోర్చుకొనగలదు?" అనునది మొదటి ప్రశ్న. మన పిల్లలు రెండవ ప్రశ్నతోనే ప్రారంభించుచున్నారు. అందుకు వారిని మిక్కిలి తప్పుపట్టను. మన విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ 2023వ సంవత్సరమున హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలయందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమె విలుకాంపౌండు విల్లు. చక్రములతోను లోహపు టంగములతోను కూర్పబడిన ఆ యంత్రమునకు సాగని నారియే తగును. ఆ చిత్రములు చూచిన పిల్లవానికి, ఆ నారి మన వింటికి మాత్రము ఏల తగదని తోచుట సహజమే గదా.

ఈ తగవు నేటిది కాదు. 1545వ సంవత్సరమున రోజర్ ఆస్కమ్ అను ఇంగ్లీషు పండితుడు "టాక్సోఫిలస్" అను గ్రంథమును ప్రకటించెను. ఇంగ్లీషు భాషలో విలువిద్యను గూర్చి వెలువడిన తొలి పుస్తకమిదియే. ఆయన కేంబ్రిడ్జిలో గ్రీకు బోధించినవాడు. పిదప ఎలిజబెత్ రాకుమారికి గురువైనవాడు. అనగా వృత్తిచే బడిపంతులే. అందుచేతనే కాబోలు, ఆయన మాట నాకు చుట్టపు మాటవలె వినవచ్చును. ఆయన నారిని చిన్న విషయముగ తలంపలేదు. మంచి విండ్లు విరుగుటకు చెడునారియే మొదటి కారణమని ఆయన నమ్మకము. లావునారి వింటికి క్షేమకరమనియు, గురి నిలుపుటకు నమ్మదగినదనియు, కాని వడి తక్కువయనియు. సన్ననారి దూరము వేయుటకు మంచిదేగాని, తెగి వింటిని విరుగగొట్టు భయము గలదనియు ఆయన తేల్చెను. దాదాపు ఐదువందల యేండ్ల క్రిందటి యీ తీర్పునకును మా పై తరగతివారి కోరికకును నడుమ వ్యవహార మేమియు మారలేదు. దారపు పేరు మాత్రము మారినది.

అదే 1545వ సంవత్సరము జూలై 19వ తేదీన ఎనిమిదవ హెన్రీ రాజు యుద్ధనౌక మేరీ రోజ్ పోర్ట్స్‌మత్ రేవు చేరువ సముద్రమున మునిగెను. 1982లో ఆ నౌక శేషమును పైకి దీసిరి. దానియందలి సామగ్రిలో 172 నిడువిండ్లు దొరకినవి. వానిలో 137 నిండు విండ్లు. యూ అను చెట్టుకొయ్యతో చేసిన ఆ విండ్లను పూర్తిగ లాగుటకు 100 పౌనులు మొదలు 180 పౌనుల వరకు బలము వలసియుండునని శోధకులు లెక్కకట్టిరి. వాని కొనలయందు కొమ్ముతొడుగులు తొడిగిన గుర్తులున్నవి. కొయ్య నిలిచినది గాని నారులు నిలువలేదు. ఐనను బాణముల వెనుక కొనయందలి గాడులు నిలిచినవి. ఆ గాడి వెడల్పును బట్టి నాటి నారి లావు సుమారు మూడు మిల్లీమీటర్లని యూహింపవచ్చును. ఈ కొమ్ముతొడుగులను, ఈ లావును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. వానితో నాకు ముందు పనియున్నది.

ఆ నారులు హెంపు నారతోను అవిసెనారతోను పేనబడెడివి. హెంపు అనగా మన జనుము కాదు. గంజాయి జాతి మొక్కనుండి తీయు నార. దానిని మైనముతో రుద్ది, పైయుచ్చును మాత్రమే కట్టి, క్రింది కొప్పునకు తాటికొనను చుట్టి, ఆ కొననే తాటిపై మూడు నాలుగు మార్లు మెలివేసి బిగించెడివారు. లాగిన కొలది బిగియు ముడి అది, విప్పుట సులభము. పొడవును కావలసినట్లు సవరించుకొనవచ్చును.

మన దేశమున నీ విషయ మాలోచింపబడలేదని యెవరును తలంపకుందురు గాక. కౌటిల్యుని యర్థశాస్త్రమునందు ఆయుధాగారమును గూర్చిన ప్రకరణమున వింటినారికి పనికివచ్చు పదార్థముల పట్టిక గలదు: మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువను గడ్డి, వెదురు, స్నాయువు. మూర్వ యనగా మన చాగ. సంస్కృతమున నారికి మౌర్వి యను పేరు దానినుండియే వచ్చినది. మన తెలుగు "నారి" యును నారనుండి పుట్టినదే. సామర్లకోటలో చాల సంవత్సరములుండి మన తీరపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గు పేరే చాగమొక్క శాస్త్రనామమున నిలిచినది. ఆ జాతి మొక్కలను ఇంగ్లీషువారు "వింటినారి నార" యను నర్థము వచ్చు పేరుతోనే పిలుచుచున్నారు. మధ్యభారతపు కొండలలో వెదురుబద్దనే నారిగ కట్టిన వెదురువిండ్లును గలవు. కొమ్ముతో చేసిన వింటికొకటి, వెదురువింటికొకటి, తాటికొయ్య వింటికొకటి. పలువిధముల విండ్లున్నచోట పలువిధముల నారులుండుట వింతగాదు. స్నాయువు వానకు మెత్తబడును. గడ్డినార బరువు మోయలేదు. పనివాడు తన వింటిని తాను ఎరిగి యెన్నుకొనెడివాడు.

ఇక నేటి దారములు. విలుకాండ్ర యంగళ్లలో ముఖ్యముగ రెండు జాతులు దొరకును. ఒకటి డాక్రాన్ అను పాలియెస్టరు దారము. బి-50, బి-55 అను గుర్తులతో అమ్మబడును. ఇది కొంచెము సాగును. రెండవది ఫాస్ట్ ఫ్లైట్ మొదలగు పేర్లతో వచ్చు దారము; మిక్కిలి గట్టి పాలిథీన్ జాతి పోగులతో చేసినది. ఇది దాదాపు సాగదు. బహు సన్నము, తేలిక. వడి దీనిదే. మా పిల్లలు కోరినది దీనినే.

సాగుట లోపమని మనము సాధారణముగ తలంతుము. వింటియందు అది కొంత గుణము కూడ. బాణమును విడిచినపుడు వింటి రెండు రెక్కలును ముందునకు దూకును. వానిని ఆపునది యేది? నారియే. బాణము వెడలిన మరుక్షణమున నారి బిగిసి రెండు కొప్పులను పట్టి నిలుపును. నారి రవంత సాగునదైనచో ఆ నిలుపుట మెత్తగా జరుగును. పరుగెత్తివచ్చు పిల్లవానిని తల్లి చేతులు చాపి పట్టుకొన్నట్లు. సాగనిదైనచో గోడకు గ్రుద్దుకొన్నట్లే. ఆ దెబ్బ యంతయు కొప్పులమీద పడును. పైగా సన్నని తాడు కొయ్యలోనికి కత్తివలె దిగును; అదే బలము చిన్నచోటున పడుటచే దిగుటయు నెక్కువ. గట్టి తొడుగులున్న గాజునార విల్లు దీని నోర్చును. ఒట్టి కొయ్యగాడి యోర్వకపోవచ్చును.

నా యెడమ కనుబొమ్మ పైనున్న మచ్చను గూర్చి ప్రతి సంవత్సరము క్రొత్తగ చేరిన పిల్లలు అడుగుచుందురు. నేను మాట మార్చుచుందును. 1996లో నేను కళాశాల విద్యార్థినై యుండగా ఒక స్నేహితుని కొయ్యవిల్లు కొన్నాళ్లు నాయొద్ద నుండెను. దాని పాతనారి పోగులు లేచినవి. అంగడికి పోయి "ఉన్నవానిలో గట్టిదానిని" ఇమ్మంటిని. అమ్మువాడు నా విల్లెట్టిదని అడుగలేదు, నేనును చెప్పలేదు. సాగని దారపు నారి తెచ్చి కట్టితిని. మొదటి రెండు దినములు బాణములు ఎన్నడును పోనంత వడిగా పోయినవి. నా యానందమునకు మేర లేకుండెను. పైకొప్పు గాడివద్ద వెండ్రుకవంటి గీతను చూచితిని గాని, గీతయే గదా యనుకొంటిని. మూడవ దినమున నిండుగ లాగి విడువగా పైకొప్పు నిలువున చీలి, ఒక బద్ద వచ్చి కంటిపైన తగిలెను. అర యంగుళము క్రిందుగ తగిలియున్నచో నేడు ఈ వ్యాసము వ్రాయువాడు ఒంటికంటివాడై యుండును. నారికి మాత్ర మేమియు కాలేదు. అంగడివాని మాట నిజమే, అది గట్టిదే.

తప్పు నాదే. కాని ఆ తప్పు నాకు తెలిపిన సంగతి యొకటి గలదు. నారి బలమనునది మన భయమున కసలు కారణమే కాదు. లెక్క చూడుడు. బి-50 దారపు పోగొక్కటి సుమారు 50 పౌనుల బరువునకు గాని తెగదు. మన ఆష్ విల్లు 40 పౌనులది. తయారుచేయువారి పట్టిక ప్రకారము 35 నుండి 45 పౌనుల వింటికి 12 పోగులు, 45 నుండి 55 వరకు 14, ఆపైన 16. పన్నెండు పోగులు 600 పౌనులు మోయును. వింటి బలమునకు పదునైదు రెట్లు. నాలుగు రెట్లున్న చాలునని అనుభవజ్ఞులందురు. అట్లైన పన్నెండేల? బలమునకు గాదు, లావునకు. లావుండిన కొప్పును కోయదు, వ్రేళ్లకు హితము, బాణపు గాడిలో సరిగ కూర్చుండును. బాణమును నారికి తగిలించి క్రిందికి వ్రేలాడదీసిన పడిపోరాదు. నారిని వ్రేలితో మెల్లగ తట్టిన పడవలెను. నారి లావును చూచుకొనుటకు ఇంతకన్న మంచి పరీక్ష నేనెరుగను.

లావునారి బరువుచే వడి తగ్గుననుటయు నిజమే. నారి బరువులో మూడవవంతు బాణమునకు కట్టి విసరినట్లే యని భౌతికశాస్త్రము చెప్పును. ఆ నష్టమును నేను దాచను. అరువది గజముల దూరమున కొంచెము క్రిందుగ పడు బాణమునకై పైకి గురిపెట్టుట నేర్చుకొనవచ్చును. చీలిన కొప్పునకు మందులేదు.

ఈ సంగతులన్నియు ఒకనాడు సంఘమున చెప్పుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, "మాస్టారూ, అవిసెనార కూడ సాగదు గదా! మరి ఆ కాలపు కొయ్యవిండ్లు దాని నెట్లోర్చినవి?" అని అడిగినది. నాకు చెమట పట్టినది. ఇరువదియేండ్లుగ నే చెప్పుచున్న మాటలో ఆమె చిల్లిని కనిపెట్టినది. వారము దినము లాలోచించిన పిదప ఇట్లు జవాబు చెప్పితిని. మొదటిది, ఆ విండ్లకు కొమ్ముతొడుగు లుండెను. దెబ్బను కొమ్ము తినెను, కొయ్య తినలేదు. రెండవది, నారి మూడు మిల్లీమీటర్ల లావు. కోయునట్టిది కాదు, మరియు బరువైనది. మూడవది, వారి యుద్ధబాణములు బహు బరువైనవి. బరువుబాణము వింటి శక్తిలో నెక్కువపాలు తనతో తీసికొనిపోవును. రెక్కలలో మిగులు శక్తి తక్కువ. మనము వేయు తేలికబాణము కొంచెమే తీసికొని, మిగిలినదానిని వింటికే వదలును. బాణము లేకయే వింటిని లాగి విడువరాదని నేను పిల్లలను కోప్పడుట ఇందుచేతనే. అప్పుడు శక్తియంతయు వింటిమీదనే పడును. నారి తెగినను అదే గతి. ఇక నాలుగవది కూడ గలదు: అన్ని విండ్లును ఓర్చలేదు. ఓర్చియుండిన ఆస్కమ్ పండితుడు అంతగ హెచ్చరించియుండడు. ఆ బాలికకు నా జవాబు పూర్తిగ తృప్తి కలిగించినదో లేదో తెలియదు. ఆమె ప్రశ్న వలన మాత్రము నా మాట కొంచెము మారినది: సాగని నారి యన్నింటను చెడ్డదని ఇప్పుడనను. కొమ్ముతొడుగులు గల కొయ్యవింటికి, ఉచ్చులయందు అదనపు పోగులు చేర్చి లావుచేసి, క్రొత్తదారపు నారిని కట్టు నేర్పరులు గలరు. వారితో నాకు వాదములేదు. తొడుగులేని మన ఆష్ వింటికి మాత్రము వలదు.

దీనికి ఎదురు తప్పును కూడ చూచుచున్నాను. దసరా దినములలో మన యూళ్ల పిల్లలు వెదురువిండ్లకు బజారు నైలాను త్రాడు కట్టుదురు. నైలాను మితిమీరి సాగును. ఉదయము బిగించిన నారి మధ్యాహ్నమునకు వదులై ముంజేతిని కొట్టును. బాణము కాళ్లవద్ద పడును. సాగుట మంచిదన్నంతనే ఎంత సాగిన నంత మంచిదని గాదు.

పేనుటలో రెండు పద్ధతులు గలవు. ఒకే దారమును రెండు మేకుల చుట్టు త్రిప్పి చుట్టి, ఉచ్చులపై వేరు దారము బిగింప చుట్టునది యొకటి. పోగులను రెండు పాయలుగ విభజించి మోకువలె పురిపెట్టి, ఉచ్చును ఆ పురిలోనికే కలిపి పేనునది మరియొకటి. దీనిని ఫ్లెమిష్ పేనిక యందురు. నేను రెండవదాని పక్షము. వడిలో మొదటిది రవంత మేలేమో. కాని ఫ్లెమిష్ నారిని ఇంకొక రెండు పురులు తిప్పి పొట్టి చేయవచ్చును, విప్పి పొడవు చేయవచ్చును. పిల్లలు తమ చేతులతో చేయగలరు. చేసినవాడు దానిని దినదినము పరీక్షించును, కొనినవాడు పరీక్షింపడు. ఇది నేను పలుమార్లు చూచిన సంగతి.

పొడవును గూర్చి రెండే మాటలు. నిడువింటి పొడవుకన్న నారి మూడంగుళములు తక్కువ యుండవలెను. మన 70 అంగుళముల వింటికి 67. ఎక్కుపెట్టిన పిదప పిడిమీద పిడికిలి నుంచి బొటనవ్రేలిని నిలువుగ చాపిన, దాని కొన నారికి తగులవలెను. అది ఆరు మొదలు ఏడంగుళములు. ఇంగ్లండువారు పూర్వమునుండి వాడుచున్న కొలత యిదియే, కొలబద్ద యక్కరలేదు. క్రొత్త డాక్రాన్ నారి మొదటి కొన్ని దినములు సాగును గావున ప్రతిదినము మరల కొలువవలెను. తేనెమైనమును పూసి, తోలుముక్కతో వేడిపుట్టునట్లు రుద్దవలెను. పోగొక్కటి తెగినను ఆ నారిని వాడరాదు.

ఇప్పుడు ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తును. వారి సొమ్మును నేను కాదనలేదు, తీసికొంటిని. దానితో డాక్రాన్ దారపు ఉండ యొకటియు, తేనెమైనము గడ్డయు తెప్పించితిని. ఒక నారి వెలతో అనేక నారుల దారము వచ్చినది. గాజునార వింటికి దాని సన్ననారి దానికే యున్నది. ఆష్ వింటికి పన్నెండు పోగుల ఫ్లెమిష్ నారిని పేనుట ఆ నలుగురికే యప్పగించితిని. శనివారము సాయంకాలములందు వ్యాయామపు గదిలో వారు పేనుచున్నారు. కావలసినవారు వచ్చి చూడవచ్చును. మొదటిది పొట్టిదైనది. ఎక్కుపెట్టగా బొటనవ్రేలికిని నారికిని నడుమ అంగుళమున్నర సందు మిగిలినది. ఎన్ని పురులు విప్పినను సరిపడలేదు. దానిని గోడమేకునకు తగిలించి, రెండవదానికి దారము కొలుచుచున్నారు.